మంగమ్మత్తయ్య వద్దన్న పాట

మంగమ్మత్తయ్య పోయాక వారం తిరగకుండానే ఆవిడ కూతురు సత్యవతి వదిన ఫోను చేసింది. ఏడుపు అయిపోయి పనుల్లో పడ్డ గొంతు. వంటవాళ్ళు కుదిరారని, చుట్టాలందరికీ కబురు వెళ్ళిందని చెప్పి, అప్పుడు అసలు సంగతికి వచ్చింది.

"పెద్దకర్మ రోజున భజన పెట్టించమంటన్నారే. పెట్టిద్దాం, దానికేం. కానీ భజనోళ్ళు నాన్న పాట పాడతామంటన్నారు. వద్దంటే ఊరికి కోపం. పాడనిస్తే అమ్మకి కోపం. ఏం చెయ్యమంటావు అమ్మాజీ?"

అమ్మకి కోపం వచ్చే కాలం దాటిపోయిందని నేనూ అనలేదు, తనూ అనుకోలేదు. మా ఇద్దరికీ అత్తయ్య ఇంకా వంటింట్లోనే ఉంది.

"ఇంకోటి. ఇప్పుడు భజన నడిపే శ్రీనివాసు నువ్వొస్తావని తెలిసి తెగ సంబరపడిపోతన్నాడు. 'అమ్మాజీగారు తెలుగు టీచరుగా చేసేరు కదండీ, పాటకి అర్థం మైకులో నాలుగు ముక్కలు చెప్పించండి, వీడియో తీస్తాం' అంటన్నాడు."

నేనొచ్చి మాట్లాడతానన్నాను. ఫోను పెట్టేశాక కాకినాడలో నా గదిలో చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పద్యాలకి అర్థాలు చెప్పి బతికిన దాన్ని. ఎవరో ఎప్పుడో రాసిన పద్యంలో కవి హృదయం ఇదీ అని పిల్లలకి ధైర్యంగా చెప్పేదాన్ని. సూర్నారాయణ మావయ్య పాటకి మాత్రం అర్థం చెప్పమని నన్నెవరూ అడక్కుండా ఇన్నాళ్ళూ తప్పించుకున్నాను.

మాది గోదావరి మధ్య లంక ఊరు. పై చదువు చదవాలంటే రేవు దాటాలి. వరదల్లో పడవ నడవదు. అందుకని మా నాన్న నన్ను తన అక్కగారింట్లో ఉంచాడు. అంబాజీపేటకి కూతవేటు దూరంలో, కాలవ గట్టు పక్కన ఆ ఊరు. హైస్కూలు అక్కడే చదివాను. తర్వాత అమలాపురం కాలేజీకి కూడా ఆ ఇంటి నుంచే బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. నా బాల్యం అంటే నాకు గుర్తొచ్చేది కన్నవాళ్ళ ఇల్లు కాదు, అత్తయ్య ఇల్లే. మా ఊరికి సెలవుల్లో చుట్టంలా వెళ్ళేదాన్ని.

ఆ ఇంటి గురించి చెప్పాలంటే ముందు అటక గురించి చెప్పాలి. ఇంట్లో మనుషులు ఉండే చోటు కంటే కొబ్బరికాయలు ఉండే చోటు ఎక్కువ. వసారా తప్ప మిగిలిన గదులన్నిటి మీదా అటకే. చెట్ల నుంచి దింపిన కాయల్లో మంచివి ఏరి పైకి చేర్చేవాళ్ళు. నెలల తరబడి అవి అక్కడే ఉండి, లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా విడిపడేది. అదే కురిడీ. మావయ్య నిచ్చెనెక్కి ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల లొడలొడమంటే తయారైనట్టు. వంటింటి పొగ అటక మీదికి పాకి ఆ కాయలకి పట్టేది. ఎండుకొబ్బరి, పొగ, పాత చెక్క కలిసిన ఆ వాసన మా బట్టలకీ పుస్తకాలకీ జుట్టుకీ ఉండేది. కాలేజీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి "నీ దగ్గర నూనె గానుగ వాసనొస్తదేంటే?" అని నవ్వేది. నాకు ఆ వాసన తెలిసేది కాదు. ఊరు వదిలాకే తెలిసింది.

అత్తయ్య పొద్దున్నే లేచి కాయలొలిచిన కొబ్బరిడొక్కలు పెట్టి పొయ్యి రాజేసేది. డొక్క నెమ్మదిగా అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే మధ్యాహ్నం దాకా నిప్పు ఉంటుంది. ఆవిడ స్వభావమూ అంతే. పెద్దగా మాట్లాడేది కాదు. వాకిలి ఊడ్చి, కళ్ళాపి జల్లి, మాకు చద్దన్నంలో పెరుగు కలిపి పెట్టి, మధ్యాహ్నం మట్టలకి ఈనెలు చీరుతూ కూర్చునేది. పనసపొట్టు కూర, అరటిదవ్వ పెరుగుపచ్చడి, చింతచిగురేసిన పప్పు. ఆ వంటలు ఇప్పుడు నేనూ చేస్తాను. రుచి కుదిరినట్టే ఉంటుంది. తినేటప్పుడు ఎవరూ తిట్టరు, అదొక్కటే తేడా. "పుస్తకం పక్కన పెట్టి తినవే, అక్షరాలు గొంతులో అడ్డం పడతాయి" అనేది అత్తయ్య.

సూర్నారాయణ మావయ్య సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. పని మనుషుల్ని కూడా పేరు పెట్టి పిలిచి, చివర "బాబూ" అనో "అమ్మా" అనో చేర్చేవాడు. ఇన్ని మంచి గుణాలున్న మనిషికి కల్లు అలవాటు. అలవాటు అనడం మర్యాద. తాడితోపులో ఉండే కల్లుపాకకి పొద్దు వాలితే కాళ్ళే ఆయన్ని తీసుకెళ్ళేవి. తాగి ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కోరోజు కాలవ తూముకట్ట దగ్గర పడిపోయేవాడు. కాయల మీద వచ్చింది అటే పోయేది. వదిన చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోవడానికి కారణం కూడా అదే. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనేవారు కాదు.

ఆయనకి ఇంకో గుణం కూడా ఉంది. పాడేవాడు. శనివారం శనివారం రామకోవెల్లో భజన జరిగేది. భద్రంగారని ఒక పెద్దాయన, పొగాకు వ్యాపారం చేసి మానేసి వేదాంతంలో పడ్డవాడు, దానికి గురువు. అందరూ పాతకాలం నుంచి వస్తున్న కీర్తనలు పాడేవారు. మావయ్య మాత్రం చివర్లో తను కట్టిన పాట ఒకటి పాడేవాడు. ఆయన జీవితంలో కట్టిన పాట అదొక్కటే.

తలుపు తియ్యవమ్మా తల్లీ, తప్పు చేసి వచ్చాను
తల ఎత్తుకోలేక నీ వాకిట నిలిచాను

కుండ నిండుగ ఉంటే బుద్ధి రాదమ్మా
కుండ ఖాళీ అయితే నిద్ర రాదమ్మా

వండిన కూడు చల్లారె, వత్తి కొండెక్కె
కట్టుకున్న దాని కంట నీరింకిపోయె
ఆరనిది ఒక్కటే నా గొంతులో మంట
ఆర్పగల చెయ్యి నీదే, ఆదుకోవమ్మా

కాగితం మీద చూస్తే ఇంతే. మావయ్య గొంతులో వింటే వేరు. "నిద్ర రాదమ్మా" దగ్గర ఆయన స్వరం పెంచేవాడు కాదు, తగ్గించేవాడు. తాళాలు వాయించేవాళ్ళు కూడా అక్కడ చేతులాపేవారు. మొగాళ్ళు తువ్వాళ్ళతో కళ్ళు తుడుచుకునేవారు.

పాట అయ్యాక భద్రంగారు అర్థం చెప్పేవాడు. "తల్లంటే జగన్మాతండీ. తలుపంటే మోక్షద్వారం. కుండంటే ఏవిటీ, ఈ దేహం. అందులో కల్లు సంసార మోహం. మరి కట్టుకున్నదంటే ఎవరంటారు? జీవుడు కట్టుకున్నది బుద్ధినండీ. ఆ బుద్ధి ఏడిచి ఏడిచి కన్నీళ్ళింకిపోయిందని భావం. ఆయ్!"

నేను ఇంటికి పరుగెత్తి ఈ అర్థమంతా అత్తయ్యకి అప్పజెప్పాను. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. నాకు అదంతా గొప్పగా ఉంది. అత్తయ్య పొయ్యిలోకి గొట్టంతో ఊదుతోంది. ఊదడం ఆపి నా వైపు చూసింది.

"అయితే నేను బుద్ధినా?"

"అవునంటత్తయ్యా."

"వెళ్ళి భద్రంగారితో చెప్పు. బుద్ధి పొయ్యి ముందు కూచుని పొగ మింగుతోంది, జీవుడెక్కడున్నాడో కాస్త ఇంటికి తోలమను."

జీవుడు ఎక్కడుంటాడో ఊరికంతటికీ తెలుసు. మా వైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. బాగా పాడినవాడికి గొంతు తడపాలి. బుర్రకథ చెప్పినా, హరికథలో వంత పాడినా, భజనలో నలుగురినీ కదిలించినా, విన్నవాళ్ళలో ఎవరో ఒకరు భుజమ్మీద చెయ్యేసి "రండి, గొంతు తడుపుకుందురుగాని" అని తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళకపోతే పాటని అవమానించినట్టు. తాగుడు మాన్పించమని తల్లిని వేడుకునే పాట పాడినందుకు, ఆ పాట విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళే, అదే తువ్వాలు భుజాన వేసుకుని మావయ్యని కల్లుపాకకి తీసుకెళ్ళేవారు. ఇందులో తేడా ఉందని ఎవరికీ తోచలేదు. ప్రేమతోనే తీసుకెళ్ళేవారు. పోసేవాడు కూడా ఆ శనివారం కుండకి ఏమీ తీసుకునేవాడు కాదు.

తిరిగొచ్చి మావయ్య మా తలుపు ముందు నిలబడేవాడు. తలుపు కొట్టేవాడు కాదు. పల్లవి అందుకునేవాడు. తలుపు తియ్యవమ్మా తల్లీ. ఎదురింటి అరుగు మీంచి ముసలమ్మ "తియ్యవే మంగా, పాపం, ఎంతలా ఏడుస్తన్నాడో" అనేది. ఈ ఇంటి మాట ఆ ఇంటికి, ఆ ఇంటి మాట ఇంకో ఇంటికి వెళ్ళకముందే అత్తయ్య గడియ తీసేది. ఆయన తల వంచుకుని లోపలికొచ్చేవాడు. ఆవిడ ముఖంలో జాలి గానీ కోపం గానీ కనిపించేది కాదు. ఆవిడది రాతిగుండె అని అప్పట్లో నాకు అనిపించేది. కాలేజీలో చేరి నాలుగు పుస్తకాలు చదివాక, పశ్చాత్తాపం మీద ఇంత మంచి పాట మా లెక్చరర్లకి కూడా తెలియదని గర్వంగా ఉండేది. ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పాట గురించి ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. అత్తయ్య వినేది, లేకపోతే లేచి వెళ్ళిపోయేది.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా మావయ్యకి కామెర్లు వచ్చాయి. అమలాపురంలో డాక్టరు చూసి, ఇంకా తాగితే చేతులెత్తేయడమేనని చెప్పాడు. ఇంటికి తెచ్చి వసారాలో మడతమంచం వేసి పడుకోబెట్టాం. ఆయన అత్తయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"మానేస్తానే మంగా. రామయ్య మీద ఒట్టు."

"తాగుడు సంగతి మీరూ డాక్టరుగారూ చూసుకోండి. నాకొక్కటి చేసి పెట్టండి. ఆ పాట పాడకండి."

మావయ్యకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. "పాటేం చేసిందే నిన్ను?" అన్నాడు.

"ఏం చేసిందో పాడకుండా ఉండి చూడండి."

ఆయన రెండూ మానేశాడు. ఆ తర్వాత వచ్చిన చలికాలం లాంటి కాలం ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. పొద్దుటే లేచి మావయ్య తనే కాలవ నుంచి నీళ్ళు తెచ్చేవాడు. శనివారం భజనకి మాత్రం వెళ్ళేవాడు కాదు. అదే వేళకి వసారాలో మా అందరితో కూర్చుని తంపటి వేసి కాల్చిన తేగలు ఒలిచి పెట్టేవాడు. వదినకి ఆ చలికాలంలోనే సంబంధం కుదిరింది. అత్తయ్య ఈనెలు చీరుతూ చిన్న గొంతుతో ఏదో పాడుకునేది. ఆవిడ పాడగా నేను విన్నది అప్పుడే. మేం దగ్గరికి వెళితే ఆపేసేది. పొయ్యి మీద పొగ కూడా ఆ రోజుల్లో తక్కువగా ఉండేదనిపిస్తుంది నాకు. అది నిజం కాదని తెలుసు.

ఒకరోజు మావయ్య అటక మీద ఉండి కాయలు ఊపి చూస్తున్నాడు, నేను నిచ్చెన మీద నిలబడి అందుకుని కిందికి దింపుతున్నాను. అడగాలని చాలా రోజుల నుంచి ఉన్న మాట అడిగేశాను.

"మావయ్యా, ఆ పాటలో తల్లి ఎవరు? అమ్మవారా?"

ఆయన కాయ చెవి దగ్గర పెట్టుకునే ఆలోచించాడు. "ఏమోనమ్మా. పాడేటప్పుడు అలా అనుకోలేదు. తలుపు ఎవరు తీస్తారో వాళ్ళే."

"మరి అంత బాధ ఉన్నవాడివి ఎలా తాగగలిగావు?"

నాకు ఇప్పుడైతే ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఉండదు. మావయ్య కోప్పడలేదు.

"బాధ ఉంటది. పాడతాను. అందరూ ఏడుస్తారు, నేనూ ఏడుస్తాను. ఏడిచేక ఒళ్ళంతా తేలిగ్గా అయిపోద్దమ్మా, జొరం వదిలినట్టు. అప్పుడు నేను ఏ తప్పూ చెయ్యనోణ్ణి. ఆ తేలికలో అడుగు ఎటు పడతదో నాకే తెలీదు." కాయ నా చేతికిచ్చాడు. "ఈ మాట మీ అత్తయ్యకి చెప్పకు."

చెప్పలేదు. ఆవిడకి ముందే తెలుసని నాకు తర్వాత తెలిసింది.

శ్రీరామనవమి వచ్చింది. కోవెల ముందు తాటాకు పందిరి వేశారు. మధ్యాహ్నం కల్యాణం అయ్యాక భజనలు. అంతర్వేది వైపు నుంచి ఒక జట్టు వచ్చింది. సముద్రం మీదికెళ్ళే మనుషులు, బలమైన గొంతులు. వాళ్ళు పాడటం అయ్యాక వాళ్ళ పెద్ద లేచి మావయ్య దగ్గరికి వచ్చాడు. "మీ పాట మా రేవులో పాడుకుంటామండి. కట్టినోరి నోట ఒక్కపాలి వినాలనే ఇంత దూరం వచ్చేమండి" అన్నాడు. మావయ్య వద్దన్నట్టు చెయ్యూపాడు. భద్రంగారు కల్పించుకున్నాడు. "రామయ్య ముందు పాడితే దోషమేంటయ్యా? నువ్వు మారిన మనిషివి. మారినోడు పాడితేనే ఆ పాటకి విలువ."

మావయ్య ఆడవాళ్ళ చాప వైపు చూశాడు. అత్తయ్య మా మధ్యలో కూర్చుని ఉంది. ఆవిడ తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. ఒళ్ళో ఉన్న వడపప్పు పొట్లం వైపు చూస్తోంది. నలుగురి మధ్య వద్దని ఎలా అంటుంది?

పాడాడు. అంత బాగా ఎప్పుడూ పాడలేదు. జబ్బు పడి లేచిన గొంతు, అన్నాళ్ళు వాడని గొంతు. "నిద్ర రాదమ్మా" దగ్గర పందిరంతా ఊపిరి బిగపట్టింది. నా కళ్ళలో నీళ్ళు నిలవలేదు. తుడుచుకుని పక్కకి చూస్తే అత్తయ్య లేదు.

దీపాలు పెట్టే వేళకి ఆయన ఇంటికొచ్చాడు. అంతర్వేది వాళ్ళ అభిమానం ఆయన నడకలో తెలుస్తూనే ఉంది. తలుపు ముందు నిలబడి పల్లవి ఎత్తుకున్నాడు. అత్తయ్య లోపలి నుంచి గడియ పెట్టి, వదినకీ నాకూ అన్నం వడ్డిస్తోంది. వడ్డించడం ఆపలేదు. బయట ఒకరొకరుగా చేరారు. చివరికి భద్రంగారు కూడా వచ్చాడు.

"చెల్లెమ్మా, తియ్యమ్మా. పొరపాటైపోయింది. ఎంత కుమిలిపోతే ఆ పాట వస్తదో ఆలోచించు."

"కుమిలిపోతే లోపలుంటదండీ అన్నయ్యగారూ. ఊరంతటికీ వినపడదు."

"ఇంటి యజమాని గుమ్మం బయట నిలబడితే బాగుంటదా తల్లీ?"

"మీ ఇల్లు దగ్గరేగా. మీ తలుపు తీయించండి. మీరే కదండీ పాడించేరు."

నేను కిటికీలోంచి చూశాను. భద్రంగారు గొంతు సవరించుకుని, కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. అంతర్వేది పెద్ద తమ బండి వెళ్ళిపోతుందన్నాడు. పాట విని ఏడ్చిన వాళ్ళలో ఒక్కరూ ఆయన్ని తమ ఇంటికి రమ్మనలేదు. మావయ్య అరుగు మీద కూర్చున్నాడు. మళ్ళీ పాడలేదు. వినేవాళ్ళు లేరు. అలాగే ఒరిగి నిద్రపోయాడు.

తెల్లవారాక అత్తయ్య తలుపు తీసి కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టింది. "ముఖం కడుక్కోండి" అంది. అంతే.

ఆ పూట వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. నేను కొబ్బరి కోరుతున్నాను. ఆవిడ తనంతట తనే మొదలుపెట్టింది.

"నిన్న నీకూ కన్నీళ్ళొచ్చేయి కదూ?"

"వచ్చేయత్తయ్యా."

"నాకూ వచ్చేవి మొదట్లో. అర్థం, అర్థం అంటావుగా కాలేజీ నుంచి వచ్చినప్పుడల్లా. నే చెప్తాను విను. ఆయన తప్పు చేసింది నా దగ్గిర. చెప్పుకునేది ఊరికి. ఊరు అయ్యో పాపం అంటది. అంటే ఆయనకి బరువు దిగిపోద్ది. దింపేసిన బరువు ఎక్కడికి పోద్దే? ఇదిగో, ఈ పొయ్యి దగ్గరికి. కల్లు మత్తు తెల్లారితే దిగుద్ది. ఏడుపు మత్తు దిగదు. క్షమించాల్సిందాన్ని నేను. నన్నొక్కరడిగేరా?"

"కానీ పాట మంచిదే కదత్తయ్యా."

"మంచిది కాదని నేనన్నానా? ఊళ్ళో అంతకంటే మంచి పాట లేదు. అందుకే భయం." కోరిన కొబ్బరి నా ముందు నుంచి లాక్కుంది. "సగం నోట్లో పోసుకుంటన్నావు, కూరకేం మిగుల్చుతావు?"

మావయ్య ఆ తర్వాత పాట ఎత్తలేదు. ఎవరెంత బతిమాలినా గొంతు పోయిందనేవాడు. తాగుడు పూర్తిగా పోలేదు. పోయిందని చెప్పుకుంటే బాగుంటుంది కానీ అబద్ధం అవుతుంది. ఎప్పుడో ఒకప్పుడు తూలుతూ వచ్చేవాడు. వచ్చి తలుపు కొట్టేవాడు. "మంగా, తాగేను" అనేవాడు. మామూలు గొంతుతో, అమ్మవారితో కాకుండా మనిషితో మాట్లాడినట్టు. అత్తయ్య తలుపు తీసి "పెరుగన్నం ఉంది, తినండి" అనేది. నేను చూసినంతలో వాళ్ళ కాపురం ఆ చిన్న మాటల మీదే నిలబడింది. నాకు ఉద్యోగం వచ్చిన కొన్నేళ్ళకి ఆయన పోయాడు. పాట పోలేదు. భజన జట్టు దాన్ని పాడుతూనే ఉంది. అది మొదలవగానే అత్తయ్య లేచి ఇంటికి వచ్చేసేది. భర్త గుర్తొచ్చి తట్టుకోలేకపోతోందని ఊళ్ళో అనుకునేవారు. ఆవిడ ఎవరికీ మారు చెప్పలేదు.

పెద్దకర్మ రోజు పొద్దున్నే నేను వెళ్ళాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. వదిన, ఆవిడ భర్త అన్నయ్యగారు దాన్ని పడగొట్టి డాబా కట్టుకున్నారు. అటక లేదు, పొగ లేదు, గోడలు శుభ్రంగా ఉన్నాయి. ఊళ్ళో కురిడీ చేసేవాళ్ళు కొద్దిమందే మిగిలారు. కాయలు పచ్చిగానే లారీలెక్కి పోతున్నాయి. కల్లుపాక ఉన్నచోట ఇప్పుడు రొయ్యల చెరువు. తాగేవాళ్ళకి మెయిన్ రోడ్డు మీద రంగు దీపాల షాపు ఉంది. మావయ్య పాట మాత్రం ఫోనుల్లోకి ఎక్కింది. శ్రీనివాసు పాడిన వీడియో వదిన నాకు చూపించింది. కింద ఎవరెవరో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మనసు కరిగిందని రాశారు.

శ్రీనివాసు షామియానా కింద హార్మోనియం సర్దుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, గంధం బొట్టు, నెమ్మదైన ముఖం. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఆయ్, నమస్కారమండీ. అర్థం భద్రంగారు చెప్పేవారట కదండీ, జగన్మాత అనీ, మోక్షమనీ. మీరైతే ఇంకా లోతుగా చెప్తారని..."

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. మైకు కట్టేసి ఉంది. అతనొక్కడికే చెప్పాను. భద్రంగారు చెప్పింది తప్పు కాదని, పాట కట్టినవాడికే తల్లి ఎవరో తెలియదని చెప్పాను. అయితే ఆ తలుపు ఇప్పుడు ఇనప గేటు ఉన్నచోట ఉండేదని, కన్నీళ్ళింకిపోయిన మనిషి ఇవాళ మనం దండ వేసిన ఫొటోలో ఉన్న ఆవిడని చెప్పాను. పాట అయ్యాక మావయ్యని ఎక్కడికి తీసుకెళ్ళేవారో చెప్పాను. అత్తయ్య వంటింట్లో నాతో అన్న మాటలు ఆవిడ అన్నట్టే చెప్పాను. ఏడుపు మత్తు దిగదన్న మాట దగ్గర అతను తలెత్తాడు.

"ప్రోగ్రాం అయ్యేక మిమ్మల్ని కూడా తీసుకెళ్తారా?" అని అడిగాను.

హార్మోనియం మెట్ల మీద ధూళి తుడిచాడు. "ఆయ్. అభిమానం కదండీ. కాదంటే నొచ్చుకుంటారండి." తుడిచిన మెట్లనే మళ్ళీ తుడిచాడు. "మా ఆవిడ ఈ పాట అందుకోగానే లేచెళ్ళిపోద్దండి. ఇంట్లో నేర్చుకుంటున్నా సరే, పెరట్లోకి పోద్ది. భక్తి లేదని తిట్టేవోణ్ణండి."

వదిన కాఫీలు తెచ్చి మా మధ్య నిలబడింది.

"ఇయ్యాల ఆ పాట వద్దులెండి అక్కగారూ" అన్నాడు శ్రీనివాసు. "మీ అమ్మగారికి ఇష్టమైన పాటేదో చెప్పండి. అదే పాడతాం."

వదిన నా వైపు చూసింది. నేను వదిన వైపు చూశాను. ఆవిడ వద్దన్న పాట ఏదో మా ఇద్దరికీ తెలుసు. ఆ చలికాలం వసారాలో కూర్చుని చిన్న గొంతుతో ఏం పాడుకునేదో మాలో ఎవరికీ తెలియదు. దగ్గరికి వెళితే ఆపేస్తుందని ఊరుకున్నామే తప్ప, ఏ పాట అత్తయ్యా అది అని ఎవరమూ అడగలేదు.

"తెలీదు శ్రీనూ" అంది వదిన. ఆ పది రోజుల్లో ఆపుకున్నదంతా అక్కడ ఆ మాటతో బయటికొచ్చింది. నేను కాఫీ గ్లాసులు ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను.

శ్రీనివాసు జేబులోంచి ఫోను తీసి నొక్కాడు.

"ఆఁ, నేనే. ఇక్కడ భోజనానికి రా... రా, పర్లేదు. ఆ పాట పాడట్లేదు." అటునుంచి ఏదో అంటే విన్నాడు. "అది కాదే. నిన్నొకటి అడుగుదామని. నీకు ఏ పాట ఇష్టం?"

అతను హార్మోనియం దగ్గర నుంచి లేచి, షామియానా దాటి, గేటు దాకా వెళ్ళాడు. ఫోను చెవికి ఆనించుకుని మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. చాలాసేపు విన్నాడు.